కన్ను మూసుకున్న తూనీగ

సోమవారం. మొగలిలంక రేవు.

తూనీగలో, అంటే లంకల మధ్య జనాన్ని తిప్పే చిన్న ఎగిరే బండిలో, వెళ్లమన్నారు. కూలినదాని గురించి విచారించడానికి అలాంటిదే ఎక్కి వెళ్లడానికి మనసొప్పలేదు. పాలరేవు నుంచి పడవలో వచ్చాను. దాంతో సగం పూట ఆలస్యమైంది. దారంతా నాచు తెప్పలే. ఈ నీళ్ల కింద తన తాత వరి పండించిన చేను ఉందని పడవతను చెప్పాడు. ఇప్పుడతను దాని పైన వెదురు తెప్పలు కట్టి నాచు పండిస్తున్నాడు. అతను మాట్లాడుతుండగానే రెండు తూనీగలు నిండా జనంతో మా తల మీదుగా పోయాయి. అవి కనుమరుగయ్యేదాకా మెడ ఎత్తి చూస్తూనే ఉన్నాను. అతనేం చెప్పాడో తర్వాత గుర్తు రాలేదు.

కూలినదాంట్లో ఉన్నవాళ్లు తొమ్మిది మంది. ముగ్గురు పోయారు. నడిపిన మల్లాడి ఏసురత్నం నడుం దెబ్బతిని పాలరేవు ఆసుపత్రిలో ఉన్నాడు. శకలం రేవుకు కనుచూపు మేరలోనే, తెప్పల మధ్య బోర్లా పడి ఉంది. ఒక రెక్క మాత్రం పైకి లేచి ఉంది.

పడవ దిగగానే ఒకావిడ ఎదురొచ్చింది. సంగాని వనజాక్షి. పోయినవాళ్లలో ఆవిడ భర్త పెద్దింట్లు ఒకడు.

"ఇచారణకొచ్చింది నువ్వేనా?"

అవునన్నాను.

"తప్పెవరిదో తేలుత్తావా?"

"తప్పెవరిదని మేం చూడమమ్మా. ఎందుకు జరిగిందో చూస్తాం. మళ్లీ జరక్కుండా ఏం చెయ్యాలో చెప్తాం. శిక్షలు మా పని కాదు."

ఇది మా నియమావళిలో మొదటి పేజీలో ఉండే మాట. ఎన్నో రేవుల్లో చెప్పాను. ఈవిడ మాత్రం నా ముఖంలోకి చూసి, "మరి ఎందుకొచ్చినట్టు?" అంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మంగళవారం. మొగలిలంక.

శకలాన్ని పైకి లాగారు. రెక్కలు, మోటార్లు, బ్యాటరీలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంత చిన్న బళ్లలో మనుషుల మాటలు రికార్డు కావు, యంత్రం అంకెలు మాత్రమే ఉంటాయి. వాటిని చదివించాను. చదివినకొద్దీ స్థిమితం పోయింది. నీళ్లను తాకిన క్షణంలో కూడా ఎత్తు నలభై మీటర్లు అని ఉంది. గీత గీసినట్టు నలభై. తగ్గింది లేదు, పెరిగింది లేదు. తూనీగ నలభై మీటర్ల ఎత్తున ఎగురుతున్నానని నమ్ముతూనే నీళ్లలో దిగిపోయింది.

డైరెక్టర్ లోకనాథం గారు ఫోన్ చేశారు.

"హైమావతి గారూ, యంత్రంలో లోపం లేదంటున్నారుగా. నడిపినవాడి పొరపాటని ప్రాథమిక నివేదిక ఇచ్చెయ్యండి."

"యంత్రంలో లోపం కనబడలేదన్నాను సార్, లేదనలేదు. తేలేదాకా మిగతావాటిని ఆపండి."

"ఆపితే లంకల్లోంచి డయాలిసిస్ వాళ్లెలా వస్తారు? కాన్పులకి ఎలా వస్తారు? పడవలో సగం పూట పడుతుందని మీకు తెలుసుగా, మీరూ అలాగే వెళ్లారట."

ఆయన చెప్పింది అబద్ధమైతే బాగుండేది. ఆపితే కొందరు దారిలోనే పోతారు. ఆపకపోతే ఎవరు పోతారో తెలియదు. ఆధారం లేకుండా ఆపమని ఆజ్ఞ రాసే అధికారం నాకు లేదు. రోజంతా రేవులో అటూ ఇటూ తిరిగాను. మోటారు చప్పుడు వినబడినప్పుడల్లా మెడ దానంతటదే పైకి లేస్తోంది. రేవులో టీ అమ్మే ఆయన గమనించినట్టున్నాడు. "కూకోండి మేడమ్, మీరలా చూత్తంటే మాకు భయమేత్తంది" అన్నాడు.

బుధవారం. పాలరేవు ఆసుపత్రి.

ఏసురత్నానికి ముప్పై దాటి ఉండవు. పడుకున్నవాడు పడుకున్నట్టే కప్పుకేసి చూస్తున్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఉంటే బయటికి పంపి తలుపు వేశాను. రికార్డర్ పెట్టి, నియమం చదివి వినిపించాను. విచారణాధికారికి చెప్పిన మాట పోలీసులకు వెళ్లదు, కోర్టుకు వెళ్లదు, నివేదికలో పేరు ఉండదు. ఈ లాగ్‌కూ ఆ రక్షణ ఉంది కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

"నిజంగా ఎల్లదాండీ?"

"వెళ్లదు. నేను మాట ఇస్తున్నాను."

మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పాడు.

తూనీగ కడుపు కింద ఎత్తు చూసే సెన్సర్ ఒకటి ఉంటుంది. దాన్ని కన్ను అంటారు. కింద ఏదన్నా దగ్గరికొస్తే లోపలున్న ఆడగొంతు "కిందకి దిగుతున్నారు, పైకి లేవండి" అని అరుస్తుంది. నడిపేవాళ్లు ఆ గొంతుకి అత్తగారు అని పేరు పెట్టుకున్నారు. ఈ కన్నుకి నాచు తెప్పలంటే గందరగోళం. వెదుళ్లు కనబడగానే నేల దగ్గరికొచ్చిందనుకుంటుంది. లంకల మధ్య తెప్పలు లేని చోటు లేదు. దాంతో అత్తగారు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా అరుస్తూనే ఉంటుంది.

"పిల్లలు జడుసుకుని ఏడుత్తారండీ. ముసలోళ్లు పడిపోతన్నాం అనుకుని దణ్ణాలెట్టేత్తారు. అందుకని నోరు నొక్కేత్తామండీ. మీట ఉంటాది. నేనొక్కణ్ణే కాదండీ, అందరం నొక్కుతాం. ఏడాది నుంచీ నొక్కుతున్నాం. ఎప్పుడూ ఏం అవ్వలేదు."

"ఆ రోజు?"

"ఆ రోజూ నొక్కానండీ. మంచుగా ఉంది. కింద ఏం కనపళ్లేదు. తెర మీద నలభై ఉంది. నలభై చూసుకునే ఎల్లానండీ."

నేను చూసిన అంకె అదే. ఇంకేమన్నా ఉందా అని అడిగాను. ఉందన్నట్టు పెదవులు కదిలాయి. కానీ కళ్లు మూసుకుని, "ఇంతేనండీ" అన్నాడు.

తూనీగలు తయారుచేసే సంస్థకు ఫోన్ చేశాను. ఆ మీట నొక్కితే శబ్దం ఒక్కటే ఆగుతుంది, వేరే ఏమీ కాదన్నారు. పోయిన నెల వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ తర్వాత కూడానా అంటే, కనుక్కుని చెప్తామన్నారు. ఎప్పటికని అడిగితే, సెలవులో ఉన్న ఇంజనీరు రావాలన్నారు.

గురువారం. పాలరేవు తూనీగల షెడ్డు.

నడిపేవాళ్లంతా షెడ్డులో ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నాకంటే ముందే ఇన్‌స్పెక్టర్ గఫూర్ వచ్చి, ఆ మీట ఎవరెవరు నొక్కుతారో చెప్పమని అడిగి వెళ్లాడట. మీట మీద అనుమానం వచ్చిందంటే అతనేమీ తెలివితక్కువవాడు కాదు.

నేను బయటికి వస్తుంటే గఫూరే గేటు దగ్గర ఆపాడు.

"ఆసుపత్రిలో అతను చెప్పింది రికార్డు చేశారు కదండీ. అది కావాలి."

"ఇవ్వడం కుదరదు."

"ముగ్గురు చనిపోయారు మేడమ్. వాళ్లవాళ్లు రోజూ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటున్నారు. వాళ్లకేం చెప్పమంటారు?"

"మీ దర్యాప్తు మీరు చేసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ. నేను మాట ఇచ్చి అడిగినవి మాత్రం ఇవ్వలేను."

"కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకుంటాను" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. అందుకే ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

షెడ్డు వెనక పార్కింగ్‌లో ఒకావిడ నా కోసం ఆగి ఉంది. ఓలేటి రాజ్యం. అందరికంటే ఎక్కువ కాలంగా తూనీగలు నడుపుతోంది. "రత్నం ఏం చెప్పాడో నాకు తెలీదు. నేనడగను" అంది. "నాకు తెలిసింది చెప్తాను. పోయిన నెల నుంచి బండి బరువుగా ఉంటోంది. నోరు నొక్కితే మంచులో దిగుతున్నట్టుగా ఉంటది. తెర చూత్తే మామూలే. నా భ్రమేమో అనుకున్నాను. పోగొట్టుకోడానికి నాకున్నది ఈ ఉద్యోగం ఒక్కటే అమ్మగారూ, అందుకని ఎవరితోనూ అనలేదు."

రేపు నాతో ఖాళీ బండి ఎగరేస్తావా అని అడిగాను. ఎగరేస్తానంది. రాజ్యం వెళ్లాక తాడూ సీసం గుండూ కొనడానికి బజారుకు వెళ్లాను.

శుక్రవారం. తూనీగలో, తర్వాత మొగలిలంక రేవులో.

పొద్దున్నే తెప్పలు లేని నీటిపాయ ఒకటి చూసుకుని దాని మీదికి వెళ్లాం. అక్కడ ఎండగా ఉంది. ఉత్తరాన మాత్రం తెల్లగా మంచు. నేను తాడుకి సీసం గుండు కట్టి తెచ్చుకున్నాను, జాలర్లు లోతు చూసుకునేలాంటిది. తాడు పొడవు ఇరవై మీటర్లు. తలుపు తీసి వేలాడదీశాను. తెర మీద నలభై. గుండు గాలిలో ఊగుతోంది.

"నొక్కు" అన్నాను.

రాజ్యం మీట నొక్కింది. చేతులు మామూలుగా పట్టుకుంది, పైకీ లేపలేదు, కిందకీ దించలేదు. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత తడిగాలి తగిలి బండి కొంచెం కుంగింది. మామూలుగా అయితే తనంతట తానే సర్దుకుని పైకి లేవాలి. లేవలేదు. మళ్లీ కుంగింది. తెర మీద నలభై. నీళ్ల మీద మా నీడ పెద్దదవుతోంది. తెర మీద నలభై. సీసం గుండు నీళ్లలో పడ్డ చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. తెర మీద ఇంకా నలభై.

"లేపు!"

రాజ్యం మీట తీసేసింది. అంకె ఒక్కసారిగా పద్దెనిమిదికి పడింది. గొంతు కేకలు పెట్టింది. బండి పైకి లేచింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నోరు నొక్కితే కన్ను కూడా మూసుకుంటోంది అమ్మగారూ" అంది రాజ్యం. "చివరగా చూసిన అంకెనే పట్టుకు కూర్చుంటోంది."

అప్పుడు ఉత్తరంగా చూశాను. ఆ మంచులో ఇప్పుడు ఎన్ని తూనీగలున్నాయని అడిగాను. నాలుగు అంది రాజ్యం. ఆఫీసుకి ఫోన్ చేశాను. లోకనాథం గారు మీటింగులో ఉన్నారు. ఆజ్ఞ రాసి పంపితే గంటలోపు అందరికీ చేరుస్తామన్నారు.

రాజ్యం చెయ్యి అప్పటికే రేడియో మీద ఉంది. కానీ నా చేతికివ్వలేదు.

"ఈ రేడియో రేవుల్లో అందరూ వింటారు. ఏ బండి ఎప్పుడొత్తాదో తెలుసుకోడానికి ప్రతి టీ కొట్టులోనూ పెట్టుకుంటారు. మీరు మీట సంగతి చెప్పగానే, రత్నం నొక్కాడని అందరికీ అర్థమైపోద్ది."

తెలుసు. ఆ ఆసుపత్రి గదిలో నేనిచ్చిన మాట తెలుసు. అతన్ని అడిగి చెప్పొచ్చు, అనుకున్నాను. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఎవరో ఒకరు వెళ్లి, అతను ఒప్పుకుని. ఇంతలో ఏ తెర మీదో నలభై అని ఉంటుంది.

"ఇలా ఇవ్వు" అన్నాను.

నేనేమన్నానో మాటకు మాట రాస్తున్నాను. "అన్ని తూనీగలకూ. నేను విచారణాధికారి హైమావతిని. గొంతు ఆపే మీట నొక్కొద్దు. నొక్కి ఉంటే ఇప్పుడే తీసేయండి. అది నొక్కితే ఎత్తు తెలియదు. తెర మీద అంకె నిజం కాదు. పైకి లేవండి."

మూడు బళ్ల నుంచి జవాబొచ్చింది. నాలుగో దాన్నుంచి రాలేదు.

"సత్తిరాజూ" అని రాజ్యం కేకేసింది. "సత్తిరాజూ, ఇన్నావా? మీట తియ్యి. అత్తగారు తిట్టినా పడదాం, తియ్యి."

గరగర. తర్వాత అతని గొంతు. "ఇందాకే నొక్కానక్కా, పసిపిల్ల ఏడుత్తంటే…" ఆగిపోయింది. వెనక ఆ ఆడగొంతు కేకలు. మనుషుల కేకలు. నేను రాజ్యం భుజం పట్టుకున్నాను. ఆ పట్టు విడిచేసరికి ఆమె చొక్కా నలిగిపోయి ఉంది.

"లేచాం" అన్నాడు సత్తిరాజు. "నీళ్లు కాళ్ల కిందే ఉన్నాయక్కా. తెప్ప మీద మనిషి పడుకుండిపోయాడు, మేం ఎక్కడ తగులుతామోనని. లేచాం. బాగానే ఉన్నాం." తర్వాత ఏడ్చాడు. రేవులన్నీ విన్నాయి.

శనివారం. ఆసుపత్రి.

తూనీగలన్నీ ఆపేశారు. సైన్యం వాళ్ల పడవల్లో డయాలిసిస్ వాళ్లను తెస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ గఫూర్ ఏసురత్నాన్ని మంచం మీదే అరెస్టు చేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు బయట కుర్చీలు వేసుకున్నారు.

నేను వెళ్లేసరికి అతనికి అంతా తెలుసు.

"మాటిచ్చారు కదండీ."

"ఇచ్చాను."

"నా పేరు చెప్పలేదంటారు."

"పేరు చెప్పలేదు. కానీ చెప్పినట్టే అయింది. నిన్ను అడిగి చెప్పాల్సింది. అడిగే వ్యవధి లేదు."

"ఎల్లిపోండి" అన్నాడు. తల గోడవైపు తిప్పుకున్నాడు. నేను గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి అడిగాడు. "సత్తిరాజు బండిలో ఎంతమంది?"

"ఎనిమిది మంది. ఒక పసిపిల్ల."

దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. క్షమించాడని నేననుకోవడం లేదు.

సోమవారం. పాలరేవు కోర్టు.

రికార్డు ఇవ్వమని గఫూర్ దరఖాస్తు పెట్టాడు. మేజిస్ట్రేట్ గారు నన్ను పిలిపించారు.

"రేడియోలో లోకమంతా వినేలా మీరే చెప్పారు. ఇంకా దాచడానికి ఏముంది?"

"యంత్రం ఏం చేస్తుందో చెప్పానండీ. అది నేను స్వయంగా ఎగిరి చూసింది. అతను నాతో ఏం చెప్పాడో నేనెక్కడా చెప్పలేదు, ఇక్కడా చెప్పను. రేపు ఇంకెక్కడో ఇంకొకటి కూలుతుంది. అందులోంచి బతికి బయటపడ్డ మనిషి నాతో మాట్లాడాలి. ఈ రికార్డు ఇక్కడ వినిపిస్తే వాళ్లు మాట్లాడరు. అప్పుడు దాని తర్వాతది కూడా కూలుతుంది."

"ఇవ్వమని ఆదేశిస్తే?"

"నన్ను జైలుకి పంపాల్సి ఉంటుందండీ."

మేజిస్ట్రేట్ గారు నియమావళి తిరగేశారు. చివరికి దరఖాస్తు కొట్టేశారు. గొంతు ఆపే మీట అందరూ నొక్కేదే కాబట్టి, దాని వల్ల ఎత్తు తప్పుతుందని తయారీ సంస్థ ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఏసురత్నానికి బెయిలు ఇచ్చారు. కేసు మాత్రం ఉంది. అది నా చేతిలో లేదు.

తయారీ సంస్థ నుంచి ఆ సాయంత్రం జవాబొచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్నీ సెన్సర్‌నూ ఒకే ఆదేశం కింద కలిపారట. బ్యాటరీ ఆదా కోసం.

గురువారం. ఆసుపత్రి.

ఏసురత్నం కబురు పెట్టాడు. వెళ్తే గదిలో వనజాక్షి ఉంది. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తనంతట తానే వచ్చిందట. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"ఇంతసేపయ్యింది, ఈడు నోరిప్పలేదు" అంది నాతో. "మా ఆయన ఆఖర్న ఏమన్నా అన్నాడా అని ఒకే ఒక్కమాట అడిగాను."

ఏసురత్నం నా వైపు చూశాడు. "మీకు కూడా చెప్పలేదండీ ఇది. చెప్పబుద్ధి కాలేదు." తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"పెద్దింట్లు బాబాయి నా ఎనకే కూకున్నాడు పిన్నీ. మంచులో కిందకి చూత్తన్నాడు. 'నీళ్ల వాసన దగ్గరికొచ్చిందిరా రత్నం, బండి దిగుతాంది' అన్నాడు. నేను తెర చూపించాను. నలభై ఉంది బాబాయ్, ఏం కాదు, అన్నాను. 'అలాగా' అని ఊరుకున్నాడు. మళ్లీ నా భుజం మీద చెయ్యేశాడు, ఏదో అనబోయాడు. అప్పుడే…"

వనజాక్షి గోడ వదిలి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ముప్పై ఏళ్లు పడవేసినోడు" అంది. "కళ్లకి గుడ్డ కట్టినా నీళ్లెక్కడున్నాయో చెప్పేవాడు." ఆమె కుర్చీలో కూర్చుంది. ఏసురత్నం ఏడుస్తుంటే ఆవిడ అతన్ని ఓదార్చలేదు. తిట్టనూ లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఆ మాటను నివేదికలో వాడుకోవచ్చా అని అతన్ని అడిగాను. ఈసారి అడిగాను.

"వాడుకోండి" అన్నాడు. ఆవిణ్ణి కూడా అడిగాను. తలూపింది.

నెల తర్వాత. మొగలిలంక.

నివేదిక ఖరారైంది. కన్నునూ గొంతునూ విడదీశారు. తెప్పల్ని గుర్తుపట్టేలా కన్నుని సరిచేశారు. సరిచేసిన తూనీగలు తిరుగుతున్నాయి. రాజ్యం నడుపుతోంది. సత్తిరాజు కొన్నాళ్లు సెలవు పెట్టాడు. ఏసురత్నం లేచి నడుస్తున్నాడు కానీ ఇక ఎగరనని రాసిచ్చాడు. ఉత్తరాన ఇంకో రేవులో తూనీగ ఒకటి నీళ్లకు తగిలిందనీ, ఎవరికీ ఏం కాలేదనీ, దాన్ని నడిపినవాడు అడగకముందే విచారణ బృందానికి అంతా చెప్పాడనీ లోకనాథం గారు ఫోన్‌లో చెప్పారు. ఆయన గొంతులో మెప్పు లేదు, చిరాకూ లేదు.

నేను అచ్చు ప్రతి తీసుకుని వనజాక్షి ఇంటికి వెళ్లాను. ఆవిడ చదువుకోలేదు. వాకిట్లో నాచు ఆరబెడుతోంది. చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చుని, "ఆయన మాట ఉన్నకాడ చదువు" అంది.

చదివాను. "ప్రమాదానికి ముందు ఒక ప్రయాణికుడు యంత్రం కన్నా ముందుగా ఎత్తు తగ్గడాన్ని గుర్తించి, నడిపే వ్యక్తికి చెప్పాడు. ఆ హెచ్చరిక సరైనది. ఎత్తు తగ్గుతోందని బండిలో ఎవరు చెప్పినా, తెర మీద ఏ అంకె ఉన్నా, ముందు పైకి లేచి ఆ తర్వాతే సరిచూసుకోవాలి. ఈ సూచన నేటి నుంచి అన్ని తూనీగలకూ నియమంగా వర్తిస్తుంది."

"పేరు లేదేం?"

"ఎవరి పేర్లూ ఉండవమ్మా."

ఆవిడ కాగితం మీద వేలు పెట్టింది. "అందరూ ఇది పాటించాలా? ఎవరు చెప్పినా లేపాలా?"

"లేపాలి. లేపకపోతే వాళ్ల లైసెన్సు పోతుంది."

"సరే" అంది వనజాక్షి. "ఇంకోపాలి చదువు."

మళ్లీ చదివాను.